అతుకుల బొంతకు ఇస్త్రీ పలక

పిల్లలూ! ఎవరైనా ఒక పని పొందిక లేకుండా చేస్తే పెద్దవాళ్లు ఏమంటారో మీరు వినే ఉంటారు. "ఇదేమిట్రా, అతుకుల బొంతలాగా ఉన్నది!" అంటారు. పాపం, బొంత ఏం చేసిందని దానికీ నింద? చలి రాత్రుల్లో మనల్ని వెచ్చగా కప్పేది అదే. చిరిగిన చీరెలు, పాత పంచెలు చెత్తకుప్ప పాలు కాకుండా వాటికి రెండో జన్మ ఇచ్చేదీ అదే.

మరి బొంతకు ఆ చెడ్డపేరు ఎందుకు వచ్చింది? అతుకులు కుదరకపోవటం వల్ల. ఒకచోట గుడ్డ ఉబ్బుతుంది, ఇంకొకచోట లాగుతుంది. నాలుగు ముక్కల మూలలు ఒకచోట కలవవు. అది కుట్టు తప్పేనని చాలామంది అనుకుంటారు. కుట్టు సరిగా ఉన్నా, కుట్టిన ప్రతిసారీ అతుకును నొక్కి సాపు చెయ్యకపోతే ఇలాగే జరుగుతుంది. ఈ నెల అందుకు పనికివచ్చే చిన్న ఇస్త్రీ పలక ఒకటి తయారు చేసుకుందాం. చంకన పెట్టుకుని ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోవచ్చు. మేకు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఆదోని పత్తి, ఎమ్మిగనూరు గుడ్డ

ఈ పలకకు కావలసిన సరుకంతా కర్నూలు జిల్లా పడమటి వైపున రెండు ఊళ్లలో దొరుకుతుంది. ఒకటి ఆదోని. చుట్టూ నల్లరేగడి నేలలు, నేలల నిండా పత్తి. రైతులు పత్తిని ఆదోని మార్కెట్టుకు తెస్తారు. జిన్నింగు మిల్లులో గింజను, దూదిని వేరు చేస్తారు. మూడు కిలోల పత్తి వేస్తే సుమారు ఒక కిలో దూది వస్తుంది, మిగిలినది చాలావరకు గింజే. ఆ దూదిని పెద్ద యంత్రాలతో అదిమి బేళ్లు కడతారు. మన దేశంలో ఒక బేలు తూకం 170 కిలోలు. ఆదోనిలో "ప్రెస్సింగు" అంటే జనానికి ముందు ఈ బేళ్ల పనే గుర్తుకు వస్తుంది. మనం ఇప్పుడు చెప్పుకునే ప్రెస్సింగు వేరు. అక్కడ దూదిని అదుముతారు, ఇక్కడ గుడ్డను అదుముతాం.

రెండో ఊరు ఎమ్మిగనూరు. ఆదోనికి ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరం. అది మగ్గాల ఊరు. అక్కడ 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేత సహకార సంఘం ఏర్పడింది. విడివిడిగా నేసుకుంటూ, నూలుకూ అమ్మకానికీ ఇతరుల మీద ఆధారపడే నేతగాళ్లు సంఘంగా చేరితే తమ కాళ్ల మీద తాము నిలబడగలరని ఆయన నమ్మకం. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే ఆయనకు పద్మశ్రీ లభించింది. దుప్పట్లకు, తువ్వాళ్లకు ఎమ్మిగనూరు పేరుపొందింది.

ఈ రెండు ఊళ్ల చుట్టుపక్కల పల్లెల్లో బొంత వేడుక వస్తువు కాదు. వానలు సరిగా లేని ఏళ్లలో, పంట చేతికి వచ్చిన తరవాత పని దొరకని నెలల్లో, ఎన్నో కుటుంబాలు "సుగ్గి"కి పోతాయి. మిరపకాయలు కొయ్యటానికీ, పత్తి తియ్యటానికీ గుంటూరు వైపు వెళ్లి, పని ఉన్నన్నాళ్లు గుడిసెల్లో ఉంటారు. పిల్లల చదువు ఆగిపోకుండా ప్రభుత్వం ఆ నెలల్లో సీజనల్ హాస్టళ్లు నడపటం కద్దు. ఊరు వదిలేవాళ్ల మూటలో గాని, హాస్టలుకు పోయే పిల్లవాడి పెట్టెలో గాని బొంత ఉంటుంది. అమ్మ పాత చీరె అందులో ఒక పొర అయితే, అమ్మ దూరాన ఉన్న రాత్రి ఆ బొంత విలువ ఎంతో మీరే ఊహించుకోండి. అటువంటి బొంత నాలుగు ఉతుకులకే పిగిలిపోకూడదు గదా! అతుకు దగ్గర గుడ్డ గుట్టపడితే, ఎత్తుగా ఉన్న ఆ చోటే ముందు రాపిడి తగిలి చిరుగుతుంది. కనుక అతుకును సాపు చెయ్యటం అందానికే కాదు, మన్నికకు కూడాను.

ఎనిమిది ముక్కల లెక్క

పలక మీద చెయ్యి వెయ్యబోయే ముందు ఒక లెక్క చేద్దాం. పలక అవసరం అందులోనే తెలుస్తుంది.

12 సెంటీమీటర్ల చదరపు ముక్కలు 8 తీసుకున్నాం. వరసగా ఒకదాని పక్క ఒకటి కుట్టాం. ఎనిమిది ముక్కలకు ఏడు కుట్లు. ప్రతి కుట్టులోను ఒక్కొక్క ముక్క నుంచి ఒక సెంటీమీటరు లోపలికి పోతుంది, అంటే కుట్టుకు 2 సెంటీమీటర్లు. మొత్తం 96లోంచి 14 తీసివేస్తే 82. వరస పొడవు 82 సెంటీమీటర్లు ఉండాలి.

అయితే కుట్టిన తరవాత నొక్కకపోతే గుడ్డ కుట్టు దగ్గర పూర్తిగా విచ్చుకోదు. అటొక మిల్లీమీటరు, ఇటొక మిల్లీమీటరు మడతలో దాగిపోతాయి. కుట్టుకు 2 మిల్లీమీటర్లంటే ఎవరికీ కనబడదు. కాని ఏడు కుట్లకు 14 మిల్లీమీటర్లు! ఈ వరస 80.6 సెంటీమీటర్లే వస్తుంది. చక్కగా నొక్కిన వరసను దీని పక్కన పెట్టి కుట్టండి చూద్దాం. చివర వేలి మందం గుడ్డ మిగిలిపోతుంది. అప్పుడు ఏం చేస్తారు? ఒకదాన్ని లాగి, ఇంకొకదాన్ని కుచ్చుపోసి ఎలాగో కలుపుతారు. అతుకుల బొంత అనే నింద పుట్టేది అక్కడే.

తప్పు చిన్నదే, కాని కుట్టుకుట్టుకూ కూడుతూ పోతుంది. కనుక చివర ఒకసారి ఇస్త్రీ చేస్తే చాలదు. కుట్టిన ప్రతిసారీ వెంటనే నొక్కాలి. ఇస్త్రీ బల్ల ఎక్కడో లోపలి గదిలో ఉంటే ప్రతి కుట్టుకూ ఎవరు లేచిపోతారు? పలక కుట్టుమిషను పక్కనే ఉంటే చెయ్యి దానంతట అదే చాస్తుంది. మోసుకుపోగల పలక ఎందుకంటే ఇందుకన్నమాట.

ఇస్త్రీ చేస్తే ముడత ఎలా పోతుంది?

దూది పోగులో ఉండేది సెల్యులోజు అనే పదార్థం. దాని అణువులు పొడుగాటి గొలుసులు. బడి మైదానంలో పిల్లలు వరసలు వరసలుగా నిలబడి, పక్క వరసవాళ్ల చేతులు పట్టుకున్నారనుకోండి. గొలుసులు కూడా అలాగే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టును హైడ్రోజన్ బంధం అంటారు. గుడ్డ ముడతపడినప్పుడు గొలుసులు వంకరగా ఉండి, ఆ వంకరలోనే చేతులు పట్టుకుని బిగిసిపోతాయి.

గుడ్డ మీద నీళ్లు చల్లితే ఏమవుతుంది? నీటి అణువులు గొలుసుల మధ్య దూరి పట్టు విడిపిస్తాయి. ఇస్త్రీ పెట్టె వేడి గొలుసులను మరింత కదిలిస్తుంది, బరువు వాటిని సాపుగా పరుస్తుంది. అదే వేడికి నీరు ఆవిరై పోగానే గొలుసులు మళ్లీ చేతులు పట్టుకుంటాయి, ఈసారి సాపుగా ఉన్న భంగిమలో! చెమ్మ, వేడి, బరువు మూడూ కావాలి. నాలుగోది ఓర్పు. గుడ్డ ఆరి చల్లబడే లోపల కదిలిస్తే చేసిన పని సగం చెడిపోతుంది.

ఇప్పుడు పలక ఎలా ఉండాలో మీకే తట్టి ఉంటుంది. వేడిని కిందికి జార్చకూడదు. ఆవిరిని పీల్చుకోవాలి. మెత్తగా ఉండాలి గాని, పరుపులాగా కుంగిపోకూడదు.

పలక తయారీ

కావలసినవి: 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ ముక్క ఒకటి. ఇది సుమారు రెండు కిలోల బరువుంటుంది. అంతే కొలత గల గొర్రెబొచ్చు కంబళి ముక్క ఒకటి, పాత నూలు దుప్పటి ముక్క ఒకటి. పైతొడుగుకు 84 సెంటీమీటర్ల పొడవు, 69 సెంటీమీటర్ల వెడల్పు గల మందపాటి చేనేత గుడ్డ. గట్టి నూలు దారం, పెద్ద సూది, గరుకు కాగితం, మూడు మీటర్ల నవారు.

మొదటి పని: పలక అంచులను, మూలలను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. మూలలు కొంచెం గుండ్రంగా రావాలి, లేకపోతే అవి గుడ్డను కోస్తాయి.

రెండో పని: చేనేత గుడ్డను ముందు నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవెయ్యండి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. గంజి వేడికి మాడి ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది. పైగా కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకుకు కుంచించుకుపోతుంది. పలక మీద వేసిన తరవాత కుంచించుకుపోతే మన కొలతలన్నీ తారుమారు! రంగు గుడ్డ అయితే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగటం లేదని చూసుకోండి. గళ్ల గుడ్డ దొరికితే మరీ మంచిది. గళ్లు నిలువునా అడ్డంగా తిన్నగా ఉంటాయి గనుక, బొంత ముక్కలు వంకరపోకుండా చూసుకోవటానికి స్కేలులాగా పనికివస్తాయి.

మూడో పని: పైతొడుగు నాలుగు అంచులనూ 2 సెంటీమీటర్ల చొప్పున మడిచి కుట్టండి. దారం లాగినప్పుడు అంచు చిరగకుండా ఇది కాపాడుతుంది.

నాలుగో పని: తొడుగును నేల మీద బోర్లా పరవండి. దాని మధ్య పాత దుప్పటి ముక్క, దాని మీద కంబళి, అన్నిటి మీద పలక పెట్టండి. నాలుగు వైపులా గుడ్డ సమానంగా మిగలాలి.

ఐదో పని: సూదికి గట్టి దారం ఎక్కించి, ఎదురెదురు అంచులను అటూ ఇటూ దారంతో లాగి కట్టండి. నులక మంచం అల్లటం చూశారా? అచ్చం అలాగే. ముందు పొడుగు అంచులు రెండూ, తరవాత పొట్టి అంచులు రెండూ. మూలల దగ్గర గుడ్డను ఉత్తరం కవరు మడిచినట్లు మడవండి. పలక తిరగేసి, నోటుపుస్తకం మూల ఆనించి గళ్లు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, అప్పుడే ముడి బిగించండి.

మేకులు కొడితే పని తొందరగా అయ్యేది గదా అంటారేమో! కాని తొడుగు నెల తిరక్కుండా మాసిపోతుంది, ఒకచోటనైనా మాడుతుంది. దారం కట్టు అయితే విప్పి, ఉతికి, మళ్లీ కట్టుకోవచ్చు. మేకు మొనలు పైకి తేలి గుడ్డకో చేతికో తగిలే భయమూ లేదు.

ఆఖరికి, వెనకటి బడిపిల్లలు పుస్తకాలకు కట్టినట్లు పలక చుట్టూ నవారు రెండు వరసలు కట్టి, పట్టుకోవటానికి చెయ్యి దూరేటంత ఉచ్చు వదలండి. పలక సిద్ధం!

కంబళే ఎందుకు?

గొర్రెబొచ్చు తన బరువులో ఇంచుమించు మూడో వంతు చెమ్మను పీల్చుకుని కూడా తడిగా తోచదు. బొచ్చు సందుల్లో గాలి చిక్కి ఉండటం వల్ల వేడి కిందికి దిగదు, పైకే తిరిగివస్తుంది. అందుచేత గుడ్డకు పైనుంచీ కిందినుంచీ కూడా వేడి తగులుతుంది. కంబళి దొరకకపోతే పాత నూలు దుప్పటి నాలుగు మడతలు వేసినా పని జరుగుతుంది.

స్పాంజి, రెగ్జిను, పాలిస్టరు గుడ్డ మాత్రం వద్దేవద్దు. ఇస్త్రీ పెట్టె మీద మూడు చుక్కల గుర్తు దగ్గర వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నూలుకు ఆ వేడి సరిపోతుంది. పాలిస్టరు సుమారు 250 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. అంతకు ముందే మెత్తబడి ముడుచుకుపోతుంది. పాత చీరెల్లో ఏది నూలో ఏది పాలిస్టరో తెలియకపోతే, పెద్దవాళ్లచేత నాలుగు పోగులు తీయించి, నీళ్ల పళ్లెం మీద పట్టుకారుతో పట్టించి కాల్పించండి. నూలు కాగితంలాగా మండి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి నల్లని గట్టి పూస అవుతుంది.

నొక్కటం వేరు, రుద్దటం వేరు

చొక్కాకు ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ముందుకూ వెనక్కూ తోస్తాం. బొంత ముక్కలకు అలా చెయ్యకూడదు. ఎందుకో ఈ ప్రయోగంలో చూడండి. నూలు చేతిరుమాలు ఒకటి తీసుకోండి. పడుగు వైపు లాగండి, సాగదు. పేక వైపు లాగండి, దాదాపు సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. ఎంత సాగిందో! పడుగు, పేక పోగులు చదరంలా నిలిచి ఉన్నవి కాస్తా కత్తెరలాగా ఒరుగుతాయి. ఇస్త్రీ పెట్టెను ఏటవాలుగా తోస్తే ముక్క ఇలాగే సాగి, చదరం వంకరపోతుంది. కనుక పెట్టెను ఎత్తాలి, దించాలి, అయిదు లెక్కపెట్టాలి, మళ్లీ ఎత్తాలి.

వరస క్రమం ఇది. కుట్టిన ముక్కలను విప్పకుండా, కుట్టు మీద ఒకసారి నొక్కండి. దీనివల్ల దారం గుడ్డలో సర్దుకుంటుంది. తరవాత విప్పి, గుడ్డ మంచివైపు నుంచి కుట్టు వెంబడి నొక్కండి. లోపలి అంచులు రెండింటినీ ముదురు రంగు ముక్క వైపుకు మళ్లించండి, లేత గుడ్డ కింద నీడలాగా కనబడకుండా ఉంటుంది. మొదటి వరసలో అంచులన్నీ కుడికి మళ్లిస్తే, రెండో వరసలో ఎడమకు మళ్లించండి. అప్పుడు రెండు వరసలు కలిసేచోట ఒక మెట్టులో ఇంకొక మెట్టు కూర్చుని, నాలుగు మూలలు ఒకే చుక్కలో కలుస్తాయి. రంగు నియమమూ వరస నియమమూ పోట్లాడితే వరస నియమాన్నే పాటించండి.

పెట్టె ఎత్తగానే ఆ కుట్టు మీద నున్నని చెక్క దిమ్మ ఒకటి పెట్టి, పది లెక్కపెట్టండి. చెక్క ఆవిరిని పీల్చుకుని కుట్టును సాపుగా బిగిస్తుంది. దర్జీల పాత కిటుకు ఇది.

బొంత పెద్దదయిన తరవాత దాన్ని ఇస్త్రీ బల్ల మీదికి ఎత్తటం కష్టం. బరువుకు వేలాడి సాగుతుంది. నేల మీద పరిచిన బొంత కిందికి మన పలకను తోసి, ఎక్కడ కావాలంటే అక్కడ నొక్కవచ్చు. పని అయిపోగానే పలకను గోడకు నిలబెట్టి ఆరనివ్వండి. చెమ్మతో పడుకోబెడితే చెక్క వంకరపోతుంది.

సారా బూన్ సంగతి

ఇటువంటి చిన్న పలకల మీద బుర్ర పెట్టటం తక్కువ పని అనుకునేరు! అమెరికాలో సారా బూన్ అనే ఆమె ఉండేది. 1832లో నార్త్ కరోలినా రాష్ట్రంలో బానిస బతుకులో పుట్టింది. ఆ కాలంలో అక్కడ బానిసలకు చదువు చెప్పటం నేరం. ఆమె తరవాత కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ పట్టణానికి వచ్చి, బట్టలు కుట్టి బతికింది. నడివయస్సు వచ్చాక అక్షరాలు నేర్చుకున్నది.

ఆడవాళ్ల రవికెల చేతులు వెడల్పాటి బల్ల మీద సరిగా ఇస్త్రీ కావు. ఒకవైపు చేస్తే రెండోవైపు ముడతపడుతుంది. రోజూ ఆ పని చేసే సారా బూన్ ఆలోచించి, చెయ్యి దూరేటట్లు సన్నగా, వంపుగా, మెత్తగా ఉండి, మడిచి దాచుకోగల ఇస్త్రీ పలకను రూపొందించింది. 1892 ఏప్రిల్ 26న ఆమెకు దాని మీద పేటెంటు దొరికింది. విద్యుత్తు ఇస్త్రీ పెట్టెకు హెన్రీ సీలీ పేటెంటు పొందింది అంతకు పదేళ్ల ముందు, 1882లో. పెట్టెను కనిపెట్టినవాడి పేరు పక్కన, పలకను బాగుచేసిన దర్జీ పేరు కూడా చరిత్రలో నిలిచింది.

ముఖ్యమైన జాగ్రత్తలు

పలక మీరు చెయ్యండి, కుట్టు మీరు కుట్టండి. ఇస్త్రీ పెట్టె మాత్రం పెద్దవాళ్ల చేతిలోనో, వాళ్ల కళ్ల ఎదుటో ఉండాలి. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. పెట్టెను పలక మీద బోర్లా వదలవద్దు, మడమ మీద నిలబెట్టాలి. బొగ్గుల పెట్టె అయితే తలుపులు మూసిన గదిలో ఎన్నడూ వాడరాదు. రగిలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం తీసేదాకా తెలియదు.

చెయ్యి కాలితే సిరా, పేస్టు, పిండి పులమకండి. చల్లని ధారనీటి కింద 20 నిమిషాలు పట్టి ఉంచండి. మంచుగడ్డ పెట్టకండి. బొబ్బ పెద్దదయితే డాక్టరుకు చూపించండి.

ఈ నెల మీకొక పని

పాత నూలు గుడ్డల్లోంచి 12 సెంటీమీటర్ల ముక్కలు పదహారు కత్తిరించండి. ఎనిమిదేసి చొప్పున రెండు వరసలు కుట్టండి. ఒక వరసలో ప్రతి కుట్టునూ నొక్కించండి, రెండో దాన్ని నొక్కకుండా వదలండి. స్కేలు పెట్టి రెండింటినీ కొలిచి, తేడా నోటుపుస్తకంలో రాసుకోండి. మన లెక్కలో తేడా 14 మిల్లీమీటర్లు వచ్చింది. మీకు ఎంత వస్తుందో గుడ్డ మందాన్ని బట్టి, మీ చేతివాటాన్ని బట్టి ఉంటుంది.

ఆ తరవాత రెండో వరసను కూడా నొక్కించి, రెంటినీ కలిపి కుట్టండి. నాలుగు మూలలు కలిసే ఏడు చుక్కలనూ వేలితో తడిమి చూడండి. ఏడింటిలో అయిదు కుదిరినా మీ చెయ్యి మంచిదే. ఏడూ కుదిరితే, మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో చూపించండి. "అతుకుల బొంత" అని ఆమె నవ్వుతూ అంటే, అది తిట్టు కాదని మీకు తెలుస్తుంది.